గత్తరకు గుక్కెడు నీళ్లు



మా నానమ్మకు కోపం హద్దు దాటితే గత్తర పేరెత్తి తిట్టేది. తిట్టిన మరుక్షణం తానే లెంపలు వేసుకునేది. ఆ మాట నోట రాకూడదనేది. గత్తర అంటే కలరా. కోస్తా జిల్లాల్లో వాంతిభేది అన్నారు. పేరేదైనా భయం ఒకటే. పొద్దున నాగలి కట్టిన మనిషి మాపటికి ఉండేవాడు కాదు. ఊళ్లకు ఊళ్లు ఇళ్లు విడిచి చెట్ల కిందికి పోయేవి. పొలిమేర అమ్మవార్లకు మొక్కులు మొక్కేవారు.

నానమ్మ తమ్ముడు ఎనిమిదేళ్ల వయసులో గత్తరతోనే పోయాడు. ఆ రాత్రి సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. నాలుక పిడచగట్టుకుపోయి పిల్లవాడు నీళ్లు, నీళ్లు అని అడిగాడట. నీళ్లు తాగిస్తే భేదులు ఇంకా ఎక్కువవుతాయని పెద్దవాళ్లు ఇవ్వనివ్వలేదట. "చెంబు నా చేతులనే ఉండె బిడ్డా" అంది నానమ్మ. అంతే, ఇక మాట్లాడలేదు.

ముప్ఫై ఏళ్లకు పైగా నేను ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాథాలజీ బోధించాను. ఏటా కలరా పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆ చెంబు గుర్తుకొచ్చేది. వైద్య కళాశాలలో పరిశోధన ఎందుకు జరగాలి, ఎలా జరగాలి అన్నదాన్ని గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు కూడా మొదట మనసులో మెదిలింది ఆ చెంబే. అందుకే ఈ పూట మీకు కలరా కథ చెబుతాను. ఇది చాలావరకు ఒకే కళాశాల చుట్టూ తిరిగే కథ. ఆ కళాశాల కలకత్తా మెడికల్ కాలేజీ.

ఆ కాలేజీ 1835 జనవరి 28న మొదలైంది. ఆ మరుసటి ఏడాదే మధుసూదన్ గుప్తా అనే పండితుడు అక్కడ శవపరిచ్ఛేదం చేసి, తరతరాల కట్టుబాటును దాటారు. 1857లో కలకత్తా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కాలేజీ దానికి అనుబంధమైంది. మొదటి రోజుల్లో అక్కడ రసాయనశాస్త్రం చెప్పిన ఆచార్యుడు విలియం ఓషాగ్నెస్సీ అనే ఐరిష్ వైద్యుడు. ఆయన ఇండియాకు రాకముందు చేసిన ఒక పని మన కథకు మొదటి మెట్టు.

1831లో కలరా ఇంగ్లండును తాకింది. అప్పటికి ఓషాగ్నెస్సీ వయసు 22 ఏళ్లు. సండర్లాండ్ అనే రేవుపట్టణానికి వెళ్లి, కలరా రోగుల రక్తం తీసి పరీక్షించాడు. రక్తం చిక్కబడి ఉంది. అందులో ఉండాల్సిన నీరు లేదు, ఉండాల్సిన ఉప్పు లేదు. పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇవ్వాలని ఆయన రాశాడు. 1832లో స్కాట్లండులో థామస్ లాట్టా అనే వైద్యుడు ఆ మాట పట్టుకుని, ఆశ వదులుకున్న ఒక వృద్ధురాలి రక్తనాళంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. ఆమె కళ్లు తెరిచింది, మాట్లాడింది, ముఖంలో కళ వచ్చింది. కానీ భేదులు మళ్లీ మొదలయ్యాయి, నీరు ఎక్కించడం మాత్రం కొనసాగలేదు. ఆమె చనిపోయింది. ఎంత ఎక్కించాలో, ఎంతసేపు ఎక్కించాలో అప్పటికి ఎవరికీ తెలియదు. నీటిని శుభ్రం చేసి ఎక్కించాలన్న జ్ఞానం కూడా లేదు. ఆ మహమ్మారి తగ్గిపోగానే లోకం ఆ పద్ధతిని మరిచిపోయింది. దారి దొరికీ చేజారింది.

1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో, కామా గుర్తులా వంపు తిరిగిన కలరా క్రిమిని వేరు చేసి చూపించాడు. ఈ క్రిమి ఏదో విషాన్ని విడుదల చేస్తుండాలని కూడా ఊహించాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా మెడికల్ కాలేజీలోనే పాథాలజీ ఆచార్యుడైన లియోనార్డ్ రోజర్స్, ఉప్పు శాతం పెంచిన సెలైను రక్తనాళంలోకి ఎక్కించి మరణాలను బాగా తగ్గించాడు. అంటే క్రిమి తెలిసింది, నీరు పోతోందని తెలిసింది, నీరు ఎక్కిస్తే మనిషి నిలబడతాడనీ తెలిసింది. తెలియనిది ఒక్కటే. ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని క్రిమి, ఒంట్లోంచి బిందెడు నీటిని ఎలా తోడేస్తోంది?

ఆ ప్రశ్నను పట్టుకుని వదలని మనిషి పేరు శంభునాథ్ దే. 1915 ఫిబ్రవరి 1న హుగ్లీ జిల్లా గరీబాటి అనే పల్లెలో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి 1939లో డాక్టరయ్యారు. లండను వెళ్లి యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్ వైద్య పాఠశాలలో రాయ్ కామెరాన్ అనే ప్రసిద్ధ పాథాలజిస్టు దగ్గర పరిశోధన చేసి, 1949లో పీహెచ్‌డీతో తిరిగి వచ్చారు. అక్కడ ఆయన చేసిన పనికి కలరాతో సంబంధం లేదు. కలరా ఆయనకు స్వదేశంలో, కలకత్తా ఆసుపత్రుల్లో ఎదురైంది. ఎండాకాలం వచ్చిందంటే ఆ వార్డులు నిండిపోయేవి. నీల్‌రతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఆయన ఈ రోగం మీద పని మొదలుపెట్టారు.

శ్రోతలారా, ఇక్కడ కాస్త ఆగి ఆయన చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం.

అంతకుముందు డెబ్బై ఏళ్లుగా ఎందరో శాస్త్రవేత్తలు కలరా క్రిముల్ని జంతువులకు ఎక్కించారు. కొందరు రక్తంలోకి, కొందరు కడుపు కుహరంలోకి. జంతువులు చచ్చిపోయేవి కానీ వాటికి భేదులు కాలేదు. మనిషిలో కనిపించే కలరా జంతువులో కనిపించలేదు. దాంతో చాలామంది, క్రిమి చచ్చినప్పుడు దాని ఒంట్లోని విషం బయటపడి రక్తంలో కలుస్తుందనీ, దానివల్లే మనిషి పోతాడనీ నమ్మారు. శంభునాథ్ దే ఇంకోలా ఆలోచించారు. కలరా రోగి శవాన్ని కోసి చూస్తే క్రిములు రక్తంలో ఉండవు, పేగులోనే ఉంటాయి. రోగం ఎక్కడుందో ప్రశ్న కూడా అక్కడే అడగాలి కదా?

ఆయన కుందేలును తీసుకున్నారు. మత్తిచ్చి, పొట్ట తెరిచి, చిన్నపేగులో బెత్తెడు ముక్కను ఎంచుకుని, ఆ ముక్కకు రెండు కొసలా దారంతో ముడి వేశారు. రెండువైపులా మూతి కట్టిన చిన్న సంచి అనుకోండి. రక్తప్రసారం మామూలుగానే సాగుతుంది. పేగు బతికే ఉంటుంది. ఆ సంచిలోకి సూదితో కలరా క్రిములున్న ద్రవం కొద్దిగా ఎక్కించారు. అలాగే కట్టిన మరో ముక్కలోకి క్రిములు లేని ద్రవం ఎక్కించారు. పోలిక కోసమన్నమాట. మళ్లీ పొట్ట కుట్టి, మర్నాటి దాకా ఆగి, తెరిచి చూశారు. క్రిములు లేని ముక్క ఖాళీగా, చప్పిడిగా, ఎప్పటిలా ఉంది. క్రిములున్న ముక్క నీళ్లు పోసిన బుడగలా ఉబ్బిపోయి ఉంది. సూది గుచ్చి తీస్తే బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవం వచ్చింది. కలరా వార్డులో మంచం కింద బేసిన్లలో కనిపించేది అదే ద్రవం.

వార్డులోని రోగం బల్ల మీదికి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎటు తిప్పి అయినా చూడొచ్చు, ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. ఈ పని ఆయనా, డి.ఎన్. చటర్జీ అనే సహచరుడూ కలిసి 1953లో ప్రచురించారు. దీనికి కావలసిన సామగ్రి ఏమిటో లెక్కపెట్టండి. కుందేలు, కత్తి, దారం, సూది, మైక్రోస్కోపు. ఇవన్నీ అప్పట్లో ఏ వైద్య కళాశాలలోనైనా ఉండే వస్తువులే. ఆ మూగజీవాలకు మనం ఎంత రుణపడి ఉన్నామో కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. అవి ఇచ్చిన జవాబు వల్ల తర్వాత లక్షల ప్రాణాలు నిలిచాయి.

1955లో ఆయన తాను చదువుకున్న కలకత్తా మెడికల్ కాలేజీకే పాథాలజీ, బాక్టీరియాలజీ శాఖాధిపతిగా వచ్చారు. 1956లో, విరేచనాల రోగుల నుంచి తీసిన ఈ-కోలి క్రిముల్లో కొన్ని కూడా కుందేలు పేగును ఇలాగే ఉబ్బిస్తాయని చూపించారు. చివరికి అసలు ప్రశ్న వేశారు. క్రిమి ఒంటితో ఈ పని చేస్తోందా, లేక బయటికి వదిలిన ఏదో పదార్థంతో చేస్తోందా? క్రిముల్ని పెంచిన ద్రవాన్ని, ఒక్క క్రిమి కూడా మిగలకుండా సన్నటి వడపోతలోంచి వడగట్టారు. ఆ ఉత్త ద్రవాన్ని పేగు సంచిలోకి ఎక్కించారు. మర్నాడు చూస్తే పేగు ఉబ్బి ఉంది. క్రిమి లేకపోయినా కలరా వచ్చింది. కాక్ ఊహించిన విషం నిజంగా ఉందని 75 ఏళ్ల తర్వాత రుజువైంది. 1959 మే 30న నేచర్ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం రెండు పేజీలకు మించదు. రచయిత పేరు ఒక్కటే, ఎస్.ఎన్. దే.

ఇప్పుడు అదే కలకత్తాలో అదే 1953లో జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. చిత్తరంజన్ ఆసుపత్రిలో హేమేంద్రనాథ్ చటర్జీ అనే వైద్యుడు కలరా రోగులకు సూది లేకుండా, నోటి ద్వారానే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కోలుకునేట్టు చేశారు. 186 మంది రోగుల అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో రాశారు. లోకం పట్టించుకోలేదు. ఆయన ఆ నీళ్లతో పాటు వాంతులు ఆపే మందు ఇచ్చారు, మన పెరళ్లలో పెరిగే వామాకు వంటి ఆకు రసం కూడా వాడారు. ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేకపోయారు. పోలిక కోసం మరో రోగుల బృందం లేదు. ఎందుకు పనిచేసిందో చెప్పే కొలతలు లేవు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. ఒకే ఊరు, ఒకే ఏడాది. ఒకరి దగ్గర పేగు రహస్యం తలుపు తెరుచుకుంటోంది, అది రోగి మంచం దాకా వెళ్లలేదు. ఇంకొకరి దగ్గర రోగి లేచి కూర్చుంటున్నాడు, ఎందుకో చెప్పే ప్రయోగశాల వెనక లేదు. ఆ రెండు గదుల మధ్య దూరం ట్రాములో వెళ్లి రాగలిగినంతే. ఆ దూరం దాటడానికి వైద్యశాస్త్రానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో ఎన్ని ఊళ్లలో ఎంతమంది పిల్లలు పిడచగట్టిన నాలుకతో పోయారో లెక్క కట్టగలవారెవరు? వైద్య కళాశాలలో వార్డూ, ప్రయోగశాలా, తరగతి గదీ ఒకే ఆవరణలో ఎందుకుండాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఈ పదిహేనేళ్లే.

ఆ విషం చేసే పని ఇప్పుడు మనకు బాగా తెలుసు. పేగు లోపలి పొరలోని కణాల్లోకి అది చేరి, క్లోరైడు అనే ఉప్పు భాగాన్ని బయటికి వదిలే ద్వారాన్ని తెరిచి, మళ్లీ మూతపడకుండా చేస్తుంది. ఆ ఉప్పు వెంట సోడియం పోతుంది. దాని వెంట నీరు పోతుంది. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా పోవచ్చు. కళ్లు గుంటలు పడతాయి. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మడత మడతగానే నిలిచిపోతుంది. మణికట్టు దగ్గర నాడి దొరకదు. అయితే పేగు పొర మాత్రం చెడదు. పూర్వం అందరూ ఆ పొర ఊడిపోతుందనుకున్నారు, అది నిజం కాదు. ఆ పొర బతికి ఉందన్న ఒక్క నిజంలోనే వైద్యం దాగి ఉంది. ఎందుకంటే అందులో ఇంకో ద్వారం ఉంది. గ్లూకోజు, సోడియం చేయీ చేయీ పట్టుకుని లోపలికి వచ్చే ద్వారం అది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రేగ్ నగరంలో ప్రకటించారు. కలరా విషం ఈ రెండో ద్వారాన్ని తాకదు. ఉప్పు ఒక్కటే కలిపిన నీళ్లు తాగిస్తే అలాగే కారిపోతాయి. తగిన పాళ్లలో గ్లూకోజు కూడా ఉంటే, అది సోడియం చేయి పట్టుకుని లోపలికి లాక్కొస్తుంది, నీరు వెంట వస్తుంది.

ఇది కాగితం మీది మాట. మనిషి మీద నిజమని తేల్చాలంటే రోగుల మధ్య, పద్ధతి ప్రకారం, కొలిచి చూడాలి. క్లినికల్ రీసెర్చ్ అంటే అదే. 1968లో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు తమ సహచరులతో కలిసి ఢాకాలో, రోగి ఎంత నీరు కోల్పోతున్నాడో కొలిచి అంత ద్రవాన్నీ నోటి ద్వారా ఇచ్చి చూశారు. రక్తనాళంలోకి ఎక్కించాల్సిన సెలైను 80 శాతం తగ్గింది. కలకత్తాలోనూ అలాంటి పనే సాగింది. హేమేంద్రనాథ్ చటర్జీ కంటితో చూసిన నిజానికి ఇప్పుడు కొలత దొరికింది, కారణం దొరికింది.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలులోకి వచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. బన్‌గావ్ అనే సరిహద్దు పట్టణానికి దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు తన బృందంతో చేరుకున్నారు. ఆయన 1958లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి బయటికి వచ్చిన డాక్టరు. శంభునాథ్ దే అక్కడ శాఖాధిపతిగా ఉన్న రోజులవి. బన్‌గావ్ ఆసుపత్రిలో రెండు గదులు. నేల నిండా రోగులు. సెలైను ఎక్కించాలంటే వాంతుల్లో, భేదుల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. సెలైను ఎక్కించడం తెలిసినవాళ్లు బృందంలో ఇద్దరే ఉన్నారు. వచ్చిన 48 గంటల్లోనే ఆయనకు అర్థమైంది. సీసాలు చాలవు, చేతులు చాలవు, ఈ పోరాటం ఓడిపోతున్నాం.

అప్పుడు ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూచి పొట్లాలు కట్టించారు. డ్రమ్ముల్లో శుభ్రమైన నీళ్లు పోసి ఆ పొడి కలిపారు. తల్లుల చేతికి, తండ్రుల చేతికి, అన్నదమ్ముల చేతికి గ్లాసులిచ్చి మీ వాళ్లకు మీరే తాగించండి అన్నారు. ప్రపంచ వైద్యం అప్పటిదాకా అంత నమ్మకం రోగి బంధువుల మీద ఉంచలేదు. రెండు నెలల కాలంలో 3,000 మందికి పైగా రోగులు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ బృందం చేతిలో 3.6 శాతానికి దిగాయి. మందు కలిపే పద్ధతిని కరపత్రాలు వేసి సరిహద్దు పొడవునా పంచారు. ఒక రహస్య బంగ్లాదేశ్ రేడియో కేంద్రం కూడా దాన్ని ప్రసారం చేసింది. మైకు ముందు కూర్చుని ఈ మాట చెబుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది. చీకట్లో, శిబిరంలో, ఏ తల్లో చిన్న రేడియోకు చెవి ఆనించి ఎంత ఉప్పు, ఎంత చక్కెర అని విని ఉంటుంది.

నోటి ద్వారా ఇచ్చే ఈ వైద్యానికి మూలమైన ఆవిష్కరణ, ఆ శతాబ్దపు వైద్యంలోనే అతి ముఖ్యమైనది కావచ్చునని 1978లో లాన్సెట్ పత్రిక రాసింది. అదే ఏడాది స్టాక్‌హోంలో కలరా మీద జరిగిన నోబెల్ సదస్సుకు శంభునాథ్ దేను ఆహ్వానించారు. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి అయిదేళ్లు. 1960ల మొదట్లోనే తాను చనిపోయినట్టు, ఈ సదస్సు తనను మళ్లీ వెలికి తీసినట్టు ఉందని ఆయన అక్కడ చెప్పుకున్నారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రతిపాదించారు. మన దేశం మాత్రం ఆయన బతికుండగా ఏ పెద్ద గౌరవమూ ఇవ్వలేదు. 1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. దిలీప్ మహలనబిస్‌కు పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, ఆయన పోయిన తర్వాత. బతికి ఉన్న ఉపాధ్యాయుడి భుజం తట్టడం మన కళాశాలలూ, మన ప్రభుత్వాలూ నేర్చుకోవాలి. ఆ తట్టు ఆ ఒక్క మనిషి కోసం మాత్రమే కాదు. అది చూసి ఇంకో పదిమంది విద్యార్థులు ప్రశ్నలు వేయడానికి ధైర్యం తెచ్చుకుంటారు.

ఇదంతా ఎక్కడో బెంగాలు కథ, మనకేమిటని అనుకోవద్దు. మన హైదరాబాదు వైద్య పాఠశాల, అంటే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన బడి, 1846 నాటిది. 1888లో, 1889లో అక్కడి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, నిజాం ఇచ్చిన డబ్బుతో, క్లోరోఫాం మత్తు వల్ల మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. అందులో రెండోదాని కోసం ఇంగ్లండు నుంచి ఒక పెద్ద వైద్యుడు హైదరాబాదు వచ్చారు. క్లోరోఫాం శ్వాసనే ఆపుతుంది, గుండెకు హాని చేయదు అని ఆ సంఘాలు తేల్చిన మాట తర్వాతి కాలంలో తప్పని రుజువైంది. అయినా నేను దాన్ని గౌరవంగానే తలుచుకుంటాను. ఆపరేషన్ బల్ల దగ్గర పుట్టిన ప్రశ్న అది. తప్పు జవాబును సరిదిద్దడం కూడా పరిశోధనే. ప్రశ్నే వేయకపోతే సరిదిద్దడానికి ఏముంటుంది?

నేటి మన కళాశాలల్లో ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ రాయాలి. ఏటా వందల థీసిస్‌లు వస్తాయి, అట్టలు వేసుకుని, బంగారు అక్షరాలతో, అల్మరాల్లోకి చేరతాయి. నా దగ్గరికి వచ్చి "సార్, తొందరగా అయిపోయే టాపిక్ చెప్పండి" అని అడిగిన పిల్లలు చాలామంది. వాళ్లను నేను తప్పుపట్టను. ఓపీలో వందల మంది రోగులు, రాత్రి డ్యూటీలు, పరీక్షలు. ఆలోచించడానికి గంట తీరిక ఇవ్వకుండా పరిశోధన చేయమనడం, నీళ్లు పెట్టకుండా పంట అడగడమే.

కానీ ఒక అమ్మాయి గుర్తుంది. పిల్లల వార్డులో పీజీ చేస్తుండేది. విరేచనాలతో వచ్చి, తగ్గి, ఇంటికి వెళ్లి, రెండు రోజుల్లో మళ్లీ వచ్చే పిల్లల్ని చూసి ఆమెకు అనుమానం వచ్చింది. ఓఆర్‌ఎస్, అంటే ఆ ఉప్పు, గ్లూకోజు నీళ్లే, ఇస్తున్నామని తల్లులందరూ చెబుతున్నారు. మరి ఎందుకు తగ్గడం లేదు? ఆమె కేసు షీట్లు పక్కన పెట్టి, తల్లుల పక్కన నేల మీద కూర్చుంది. ఎలా కలుపుతున్నావో చూపించమ్మా అంది. చూస్తే, లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టు నుంచి గ్లాసుకు ఇంత అని చిటికెలతో తీసి వేస్తున్నారు. కొన్ని గ్లాసుల్లో ఉప్పు మరీ ఎక్కువ, కొన్నిటిలో ఏమీ లేదు. ప్యాకెట్టు మీద రాసిన అక్షరాలు చాలామందికి చదవరావు. లీటరు అంటే ఎంతో తెలియదు. ఆ అమ్మాయి వాడేసిన లీటరు నీళ్ల సీసాలు తెప్పించి, కడిగి, మూతి దాకా నింపించి, మొత్తం ప్యాకెట్టు ఒకేసారి పోయించింది. అలా నేర్చుకున్నవాళ్లనూ, మాటలతో మాత్రమే చెప్పించుకున్నవాళ్లనూ పోల్చి, వాళ్ల అంగీకారం తీసుకుని, కొలిచి, థీసిస్ రాసింది. ఆమె వాడిన యంత్రం ఖాళీ సీసా. ఆమె మార్గం మాత్రం శంభునాథ్ దే మార్గమే. రోగం ఎక్కడుందో అక్కడికే వెళ్లి అడిగింది.

మరో మాట కూడా మీతో చెప్పాలి. ఎప్పుడైనా వైద్య కళాశాల ఆసుపత్రిలో మీ అమ్మనో నాన్ననో చేర్పించినప్పుడు, పరిశోధనలో పాల్గొంటారా అని ఒక యువ డాక్టరు అడిగితే భయపడకండి. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, ఇబ్బంది ఏమిటి అని నిదానంగా అడగండి. మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పే బాధ్యత వాళ్లది. వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాకూడదు. మధ్యలో మానుకునే హక్కు మీకుంది. సరేనంటే మాత్రం, మీకు ముఖం కూడా తెలియని ఒక పిల్లవాడికి మీరు మేలు చేసినవారవుతారు.

ఇక ఇంటికి తీసుకెళ్లాల్సిన మాట. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే నీళ్లు ఆపకండి. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు అడగండి. లీటరు నీటికి సరిపోయే ఆ పొడిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉంటాయి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు కొన్నేళ్ల పాటు మార్కెట్లో తిరిగాయి. చక్కెర ఎక్కువైతే భేదులు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ప్యాకెట్టు దొరకని చోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టిన కొలతతో కలపండి. కొంచెం కొంచెంగా, చెంచా చెంచాగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇవ్వండి. చంటిపిల్లలకు తల్లిపాలు ఆపకండి. పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు గుంటలు పడినా, మూత్రం ఆగినా, భేదిలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా నానమ్మ ఆ రాత్రి ఒట్టి నీళ్లు ఇచ్చి ఉంటే తమ్ముడు బతికేవాడని నేను చెప్పలేను. ఒట్టి నీళ్లు చాలవు. ఆమె ఇంట్లో ఉప్పు ఉంది, బెల్లం ఉంది, చెంబులో నీళ్లున్నాయి. ఎంత కలపాలో, ఎందుకు కలపాలో చెప్పే మనిషి ఆ రాత్రి భూమ్మీద ఎక్కడా లేడు. ఆ మాట చెప్పగలగడానికి ఒక కళాశాలలో ఒక ఉపాధ్యాయుడు కుందేలు పేగుకు ముడి వేసి మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. సరిహద్దు పట్టణంలో ఒక డాక్టరు బంధువుల చేతికి గ్లాసులివ్వాల్సి వచ్చింది.

నా మనవరాలికి మొన్న వానాకాలంలో విరేచనాలు పట్టుకున్నాయి. మా అమ్మాయి రాత్రంతా పక్కన కూర్చుని, చెంచాతో ఓఆర్‌ఎస్ తాగించింది. తెల్లవారేసరికి పాప లేచి ఆకలేస్తోందని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను వంటింట్లోకి వెళ్లాను. నానమ్మ చెంబు మా ఇంట్లో ఇంకా ఉంది. దాన్ని తోమి, నీళ్లు నింపి, పాప మంచం పక్కన పెట్టాను.